దొరగారి నిద్ర

మా డ్రైవింగ్ స్కూల్లో పాసో ఫెయిలో తేల్చేది నేను కాదు. బండి వెనక సీట్లో అడ్డంగా పడుకునే కుక్క.

వాడి పేరు దొర. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఏమో, మా ఆయన మెకానిక్ షెడ్డులోకి వచ్చి, తలుపు తీసి ఉన్న బండి చూసుకుని, వెనక సీటెక్కి పడుకున్నాడు. దించితే మళ్లీ ఎక్కాడు. ఇంకోసారి దించితే ఇంకోసారి ఎక్కాడు. "డ్రైవరు వస్తే తప్ప కదలని దొరలా ఉన్నాడే వీడు," అన్నాడు మా ఆయన. ఆ పేరే ఖాయమైపోయింది. గోధుమ రంగు ఒళ్లు, ఒత్తయిన బొచ్చు, వేలాడే బుగ్గలు. ఇప్పుడు వయసు కూడా మీదపడింది. అయినా నేను తాళంచెవి చేతిలోకి తీసుకుంటే చాలు, నాకంటే ముందు బండి దగ్గర ఉంటాడు.

నాకు ముక్కు మీద కోపం. మా వీధిలో ఎవరినడిగినా ఆ సంగతి చెబుతారు. స్టీరింగు పట్టుకున్నవాళ్లు తప్పు చేస్తే నా నోరు ఊరుకోదు. కానీ నేను గొంతు చించుకున్నా నేర్చుకోనివాళ్లు దొర ఒక్క చూపు చూస్తే నేర్చుకుంటారు. క్లచ్ ఠపీమని వదిలారనుకోండి, వాడు సీటు మీద నుంచి జారతాడు. లేచి కూర్చుంటాడు. అద్దంలోంచి డ్రైవరు మొహంలోకి తిన్నగా చూసి, పెద్ద నిట్టూర్పు విడిచి, మళ్లీ పడుకుంటాడు. ఎంత పెద్ద ఉద్యోగం చేసేవాళ్లయినా ఆ నిట్టూర్పుకి చెవులు ఎర్రబడాల్సిందే.

అలా పుట్టింది మా స్కూలు పరీక్ష. బండి కదిలినప్పటి నుంచి ఆగేదాకా దొర నిద్ర లేవలేదంటే నడపడం వచ్చేసినట్టే. ఈ మాట ఊరంతా పాకింది. "నిన్ను కుక్క పాసు చేసిందట కదా," అని జనం ఒకరినొకరు అడిగేవాళ్లు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి. బండిలో ఉన్నంతసేపూ మొరగకూడదని కూడా వాడికి నేనే నేర్పాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు అసలే బిక్కుబిక్కుమంటూ ఉంటారు, వెనక నుంచి ఒక్కసారి భౌమంటే నేరుగా గోడకెక్కిస్తారు.

దాంతోపాటు ఇంకో నియమం పెట్టాను. బండి ఆపడమంటే ఇంజన్ ఆపడం కాదు. హ్యాండ్ బ్రేకు, తాళం, ఆ తర్వాత వెనక తలుపు. నడిపినవాళ్లే వెనక తలుపు తీసి దొరని దింపాలి. వాడు నేల మీద కాలు పెడితేనే పాఠం అయినట్టు.

ఇలా సాగుతుండగా వచ్చింది టైలరమ్మ.

నాకంటే కాస్త చిన్నది. మనిషి నెమ్మది, మాట మెత్తన. కానీ ఏళ్లకేళ్లు కుట్టు మిషను తొక్కిన కాలు ఆవిడది. పెడల్ కనిపిస్తే చాలు, ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెడుతుంది. మొదటి రోజు మా బండి వీధి పొడుగునా ఎక్కిళ్లు పెట్టుకుంటూ పోయింది. దొర లేవడం, నిట్టూర్చడం, పడుకోవడం, మళ్లీ లేవడం. పాపం, ఆ రోజు వాడికి తల ప్రాణం తోకకొచ్చింది.

"అది కుట్టు మిషను కాదు తల్లీ. తొక్కిపట్టు, ఊపకు," అన్నాను.

"కాలు నా మాట వినడం లేదక్కా."

"నా మాటైనా వింటుందేమో, నేరుగా దానికే చెబుతానుండు."

ఆవిడ నవ్వింది. నేను ఎన్ని మాటలన్నా నవ్వే మనిషి. అలాంటివాళ్ల మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం, నాకు చిరాకు తెప్పించేదీ అదే.

ఆవిడకి లైసెన్సు సరదాకి కాదు. ఒక ఆసుపత్రి వాళ్లు నర్సుల బట్టలు కుట్టే పని ఇస్తామన్నారు. కానీ కుట్టిన మూటలు పొద్దున్నే తెచ్చి అప్పగించాలట. అంత పెద్ద మూటలతో ఎక్కనిచ్చేది లేదని బస్సు వాళ్లు మొహం మీదే చెప్పేశారు. ఆవిడ తమ్ముడు తన పాత వ్యాను ఇచ్చాడు. అది వాళ్లింటి ముందు నిలబడి ఉంది, ఆవిడే కుట్టిన ముసుగు కప్పుకుని. పక్క అద్దాలకి చెవుల్లాంటి తొడుగులు, అంచుకి రెండు వరసల కుట్టు. వ్యాను పాతదైనా ముసుగు మాత్రం పెళ్లికూతురికి కుట్టినంత శ్రద్ధగా కుట్టింది. ఇంకో నెలలో లైసెన్సు రాకపోతే పని వేరే వాళ్లకి పోతుంది. అప్పటికే పరీక్షలో రెండుసార్లు తప్పింది.

రెండుసార్లూ ఒకటే జరిగింది. లైసెన్సు ఆఫీసుకి ముందున్న మలుపులో ఒక గతుకు ఉంది. అక్కడ బండి అదిరింది, దొర లేచాడు. అంతే, ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దొర లేచాడంటే నా పని అయిపోయినట్టే అక్కా," అంది రెండోసారి తప్పాక.

"నీ కాలు ఊగింది కాబట్టి తప్పావు. మధ్యలో వాడేం చేశాడు?" అని కసురుకున్నాను. ఆవిడ ఊఁ కొట్టింది గానీ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం నేనే కదా, కుక్క నిద్రని పరీక్ష చేసి కూర్చోబెట్టింది నేనే కదా అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

మూడోసారి పరీక్ష రోజున ఎండ పొద్దున్నే పేలిపోతోంది. రోడ్డు మీద గాలి లేదు. బండిలో ఏసీ వేసుకుని బయల్దేరాం. టైలరమ్మ నడుపుతోంది, పక్కన నేను, వెనక దొర. ఆ రోజు ఆవిడ నడిపిన తీరు చూస్తే నాకే ముచ్చటేసింది. గేరు మారిందో లేదో తెలియనంత మెత్తగా మార్చింది. ఆ మలుపు వచ్చింది. గతుకు వచ్చింది.  బండి గతుకులోకి దిగి, పైకి లేచి, ముందుకు సాగింది. వెనక్కి తిరిగి చూస్తే దొర నిమ్మకు నీరెత్తినట్టు గుర్రుపెడుతున్నాడు.

"లేచాడా అక్కా?" అంది గుసగుసగా.

"లేదు. రోడ్డు చూడు."

ఆఫీసు గేటు దాకా వచ్చేసరికి లోపల కాగితాలు ఇవ్వాల్సిన వరస అప్పటికే పెద్దదైంది. "నేను వెళ్లి వరసలో నిలబడతా. నీడ చూసి పెట్టి, దొరని దింపుకుని రా," అని చెప్పి నేను దిగిపోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ తాత దొర కోసం ఎప్పుడూ గిన్నెలో నీళ్లు పెట్టి ఉంచుతాడు. వాడు తిన్నగా వెళ్లి ఆ గిన్నె పక్కన, తాత కుర్చీ కింద పడుకుంటాడు. ఎప్పుడు వచ్చినా అంతే.

తర్వాత జరిగింది టైలరమ్మ నోటితో చెబితే నాకు తెలిసింది. ఆవిడ బండిని ప్రహరీ గోడ నీడలో పెట్టింది. హ్యాండ్ బ్రేకు వేసింది. తాళం తీసింది. వెనక తలుపు మీద చెయ్యి వేసి, ఆగింది. తలుపు తీస్తే వాడు లేస్తాడు. పరీక్ష ఇంకా మొదలే కాలేదు. ఇంతదూరం లేవనివాణ్ణి చేతులారా లేపుకోవడమెందుకు అనుకుంది. నీడ ఉంది. చల్లగానే ఉంది. కిటికీ అద్దం నాలుగు వేళ్లంత దించింది. పరీక్ష అవగానే పరిగెత్తుకొచ్చి తీద్దామనుకుని, పిల్లి అడుగులు వేసుకుంటూ వచ్చేసింది.

నా దగ్గరికి వచ్చీ రావడంతోనే పరీక్షకి పిలిచారు. దొర గురించి నేను అడగలేదు. తాత దగ్గర ఉంటాడనుకున్నాను.

పిలిచారే గానీ వెంటనే పరీక్ష మొదలుకాలేదు. ముందున్న అబ్బాయి ఆఫీసు బండిని రివర్సులో ఒక స్తంభానికి ఆనించి, ముందుకి రాలేక వెనక్కి పోలేక చాలాసేపు తంటాలు పడ్డాడు. నేను వరండాలో ఫ్యాను కింద కూర్చుని టీ తాగుతూ, వాడికి నేర్పినవాళ్లని మనసులో తిట్టుకున్నాను. ఆ తర్వాత టైలరమ్మ వంతు వచ్చింది.

అక్కడ పరీక్ష పెట్టే ఆఫీసరుని మేమంతా ఊఁ ఆఫీసరు అంటాం. పక్కన కూర్చుంటాడు, ఊఁ అంటాడు. బాగా నడిపినా ఊఁ, గోడకి గుద్దినా ఊఁ. ఆయన పక్కన కూర్చున్నాక టైలరమ్మ ఆఫీసు బండి కదిలించింది. వంపులన్నీ తిరిగింది. వెనక్కి వచ్చి గీతల మధ్యలో పెట్టింది. మడిచిన బట్ట అరలో పెట్టినట్టు పెట్టింది. ఇక మిగిలింది చివరిది, ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా ముందుకి పోనివ్వాలి. ఆవిడ ఎత్తు ఎక్కింది. ఆగింది. నా ప్రాణం కుదుటపడింది, అయిపోయింది, గెలిచేసింది అనుకున్నాను.

బండి ముందుకి రాలేదు. ఒక్కసారిగా పక్కకి తిరిగింది. గీతలు దాటింది, ఎర్ర టోపీల్లాంటి అడ్డాలని పడగొట్టుకుంటూ ఎత్తు దిగి, గేటులోంచి బయటికి దూసుకుపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ కాలు విరగ్గొడతానే," అని పైకే అన్నాను. టీ గ్లాసు బల్ల మీద కొట్టి లేచాను. చేతిదాకా వచ్చినదాన్ని నేలపాలు చేసుకుంది, ఇప్పుడేం ఏడుస్తుందో చూస్తాను అనుకుంటూ గేటు దాకా విసవిసా నడిచాను. అక్కడ తాత కుర్చీ ఉంది. పక్కన గిన్నె ఉంది. గిన్నె నిండా నీళ్లున్నాయి. దొర లేడు.

"మావాడేడి?" అన్నాను.

"రాలేదుగా అమ్మా ఇవాళ," అన్నాడు తాత.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ ఎత్తు మీద నుంచి చూస్తే ప్రహరీ గోడ అవతల ఆపిన బండ్లు కనిపిస్తాయి. ఆవిడ చూసింది మా బండిని. నీడ ఎప్పుడో జరిగిపోయింది, బండి మొత్తం ఎండలో భగభగమంటోంది. గిన్నె ఎత్తుకుని పరిగెత్తాను. నా వయసూ నా మోకాళ్లూ నాకు గుర్తు రాలేదు.

నేను వెళ్లేసరికి టైలరమ్మ తలుపు తీసేసింది. లోపలి వేడి నా మొహానికి కొట్టింది, పొయ్యి మూత తీసినట్టు. దొర సీటు మీద లేడు. రెండు సీట్ల మధ్య సందులో పడి ఉన్నాడు. నాలుక ఇంత పొడుగు వేలాడుతోంది, నోటి నుంచి చిక్కటి నురగ. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. కిటికీ అద్దానికి లోపలివైపు, కింది నుంచి పైన ఆ నాలుగు వేళ్ల సందు దాకా, ముక్కు రాసిన మరకలు. వాడు లేచాడు. లేచి గాలి కోసం వెతుక్కున్నాడు. బండిలో మొరగకూడదని నేను నేర్పినందుకు మొరగకుండా వెతుక్కున్నాడు. ఆ మరకలు చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఇద్దరం కలిసి బయటికి లాగాం. ఒళ్లు కాలిపోతోంది. గిన్నెలో నీళ్లు పొట్ట మీద, పాదాల మీద, చంకల్లో పోశాను. తాత బకెట్టుతో వచ్చాడు. ఎవరో టీకొట్టు నుంచి ఐసు తేబోతే ఊఁ ఆఫీసరు ఆపాడు. "ఐసు వద్దు, మామూలు నీళ్లు చాలు. ఆఫీసు బండిలో ఏసీ నడుస్తోంది, ఎక్కించండి," అన్నాడు. ఆయన నోటి నుంచి ఒకేసారి అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు.

దొరని ఒళ్లో వేసుకుని వెనక కూర్చున్నాను. ఎవరూ చెప్పకముందే టైలరమ్మ స్టీరింగు ముందు ఉంది. ఆఫీసరు పక్కన కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని, "పోనివ్వు," అన్నాడు.

పశువుల ఆసుపత్రికి మార్కెట్ మధ్యలోంచి పోవాలి. జనం, తోపుడుబండ్లు, అడుగడుక్కీ స్పీడు బ్రేకర్లు. ఆవిడ హారన్ కొడుతూ, సందు దొరికినచోట దూరుతూ వేగంగా పోతోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతులు మాత్రం వణకడం లేదు. ఆఫీసరు తన టోపీ తీసి వెనక్కిచ్చాడు. దాంతో తడి ఒంటికి విసురుతూ కూర్చున్నాను. దొర తల నా మోకాలి మీద బరువుగా పడి ఉంది. బండి ఒక్కచోట కూడా అదరడం లేదు. అదే నాకు భయం పుట్టించింది.

"కుదుపు," అన్నాను. "గట్టిగా బ్రేకు వెయ్యి. క్లచ్ వదిలెయ్యి. వీడు లేవాలి, లేచి నిన్ను తిట్టాలి."

"నాకు చేతకాదక్కా," అంది ఏడుస్తూ. "మెత్తగా నడపడమేగా నువ్వు నేర్పింది."

ఆసుపత్రి గుమ్మం ముందు బండి ఆగింది. ఆగినట్టు కూడా తెలియలేదు. దొర కదల్లేదు.

డాక్టరమ్మ వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, సెలైను పెట్టి, ఫ్యాను దగ్గరికి లాగి, తడిపిస్తూనే మమ్మల్ని దులిపేసింది. "కిటికీ సందు వదిలామంటారు, నీడలో పెట్టామంటారు, ఇప్పుడే వస్తామనుకున్నామంటారు. ప్రతి ఎండాకాలం ఇవే మాటలు వింటాను. నీడ మీ కోసం ఆగుతుందా? ఈ ఎండకి కాసేపటికే బండి లోపల కుంపటైపోతుంది. మనకి చెమట పడుతుంది, తలుపు తీసుకుంటాం. దీనికి ఉన్నది నాలుకొక్కటే. పైగా ముసలిది, ఇంత బొచ్చు." ఎవరైనా నాతో అలా మాట్లాడితే నేను రెండు మాటలు ఎక్కువే అంటాను. ఆ రోజు వాడి తడి పాదం పట్టుకుని అన్నీ పడ్డాను.

బయట బల్ల మీద కూర్చున్నాం. ఊఁ ఆఫీసరు కాసేపు నిలబడి, టోపీ తీసుకుని, "పరీక్ష సగంలో ఆగింది. మళ్లీ రావాలి," అన్నాడు. ఎంత మర్యాదగా చెప్పినా అది తప్పినట్టే. టైలరమ్మ తలూపింది. ఆయన వెళ్లిపోయాడు.

నేను ఆవిడని తిట్టాలనే కూర్చున్నాను. మాటలు కూడా కూర్చుకున్నాను. ఇంతలో ఆవిడ తనంతట తానే అంది.

"వాడు లేస్తాడని భయపడ్డానక్కా. ఇప్పుడు లేవడేమోనని భయపడుతున్నా. లైసెన్సు ఏ గంగలో కలిసినా ఫరవాలేదు."

 ఆవిడ అరచేయి ఎర్రగా కమిలి ఉంది, ఎండకి కాలిన తలుపు పట్టుకుని లాగినందుకు. ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను.

"ఆ పరీక్ష పెట్టింది వాడు కాదు, నేను," అన్నాను. "ఇక ఊరుకో."

సాయంత్రం కావస్తుండగా లోపల ఎవరో ఇనుప పళ్లెం జారవిడిచారు. ఆ చప్పుడుకి ఇద్దరం ఒకేసారి లేచి లోపలికి పోయాం. దొర తలెత్తాడు. ముందు ఆ పళ్లెం పడేసినవాడి వైపు చూశాడు. తర్వాత మా వైపు తిరిగి, టైలరమ్మ మొహంలోకి తిన్నగా చూసి, పెద్ద నిట్టూర్పు విడిచాడు. ఆ నిట్టూర్పు కోసం నేను నా ఆస్తంతా రాసిచ్చేదాన్ని. ఆవిడ బల్ల పక్కనే కూలబడి వాడి చెవి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది. నేనూ ఏడ్చాను. డాక్టరమ్మ మాత్రం ఆ రాత్రి అక్కడే ఉంచాలంది.

వాడు కోలుకున్నాడు. ఇంటికొచ్చాక కొన్నాళ్లు బండి వైపు చూడడేమో అనుకున్నాం. మా ఆయన తలుపు తీసి తుడుస్తుంటే వెళ్లి ఎక్కి పడుకున్నాడు. దొర దొరే.

ఆ కుట్టు పనికిచ్చిన నెల గడువు దాటకముందే టైలరమ్మకి మళ్లీ పిలుపొచ్చింది. మళ్లీ ముగ్గురం బయల్దేరాం. గతుకు దాటాం. వాడు లేవలేదు. ఈసారి ఆవిడ నన్నేమీ అడగలేదు. నీడలో బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం తీసి, దిగి వెనక తలుపు బార్లా తెరిచింది.

"లేవండి దొరగారూ, దిగండి."

వాడు ఒక కన్ను తెరిచి, మూసుకున్నాడు. అంత లావు కుక్కని రెండు చేతులతో ఎత్తుకుని, ఆయాసపడుతూ గేటు దాకా మోసుకెళ్లి, తాత కుర్చీ కింద, గిన్నె పక్కన దింపింది. వాడు ఆవిడని ఎగాదిగా చూసి నిట్టూర్చాడు. ఆవిడ వాడి తల నిమిరి, చీర దులుపుకుని, లోపలికి వెళ్లింది.

నేను వరండాలో టీ తీసుకోలేదు. చూస్తూ నిలబడ్డాను. వంపులు తిరిగింది. వెనక్కి వచ్చింది. ఎత్తు మీద ఆగి, జారకుండా ముందుకి పోనిచ్చింది. తిరిగొచ్చి ఆఫీసు ముందు బండి ఆపింది. హ్యాండ్ బ్రేకు వేసింది. తాళం తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది. దిగింది. దిగి, వెనక్కి నడిచి, ఆ ఆఫీసు బండి వెనక తలుపు తెరిచింది.

లోపల ఎవరూ లేరు. ఖాళీ సీటు. ఆవిడ వంగి చూసింది, కింద సందులో కూడా చూసింది, అప్పుడు తలుపు మూసింది. ఊఁ ఆఫీసరు పక్కనే నిలబడి ఆ ఖాళీ సీటు వైపు, తర్వాత ఆవిడ వైపు చూశాడు.

"ఊఁ," అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి, బండి పైకప్పు మీద కాగితం ఆనించి సంతకం పెట్టాడు.